పీఎస్5 కొనాలా, వద్దా? కొన్నవాళ్ల మాటలతో తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పీఎస్5, అంటే టీవీకి తగిలించి వీడియో గేమ్‌లు ఆడే సోనీ మెషీన్ ప్లేస్టేషన్ 5, ఉందని తెలిసినప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. "బావా, కొనమంటావా?" అని బావమరిది. "మా వాడు ఇంట్లో ఒకటే గోల, ఏం చేయమంటారు?" అని ఆఫీసులో తోటివాళ్లు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నా. నాది 2022లో హైదరాబాద్‌లో కొన్న పాత పెద్ద మోడల్, డిస్క్ ఉన్నది. నా అనుభవంతో పాటు చుట్టాల్లో, స్నేహితుల్లో కొన్నవాళ్లు చెప్పినవి కూడా కలిపాను. అందరి మాటా ఒకటి కాదు, అదే అసలు సంగతి.

ఒకరు సూపర్ అంటారు, ఇంకొకరు డబ్బు దండగ అంటారు. ఇంత తేడా ఎందుకు?

పెట్టె గురించి గొడవ తక్కువ. తిట్టేవాళ్లను కూడా కదిపి చూడండి, "మెషీన్ బాగుందిలే, కానీ..." అనే మొదలుపెడతారు. ఆ 'కానీ' తర్వాత వచ్చేవన్నీ కొన్నాక పెట్టాల్సిన ఖర్చులే. ఆటల ధర, సబ్‌స్క్రిప్షన్, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ రెండోది, స్టోరేజ్. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది మన పరిస్థితి.

నాకు తెలిసిన ముగ్గురి సంగతి చెప్తా. మియాపూర్‌లో ఉండే స్నేహితుడు మూడేళ్లలో కొన్నవి రెండే ఆటలు. రోజూ రాత్రి పదింటికి అదే ఇద్దరు మిత్రులతో ఫుట్‌బాల్ ఆడి పడుకుంటాడు. వాడంత సంతోషంగా ఉన్న ఓనర్‌ను నేను చూడలేదు. విజయవాడలో మా పెదనాన్న కొడుకు డిజిటల్ మోడల్ (డిస్క్ పెట్టే చోటు ఉండదు, ఆటలు నెట్ నుంచే దించుకోవాలి) కొని, కొత్త ఆట వచ్చిన రోజే పూర్తి ధరకు కొంటాడు. సగం ఆడి వదిలేస్తాడు. కలిసిన ప్రతిసారీ సోనీని తిడతాడు. మూడోవాడు నా కొలీగ్. పాప పుట్టాక ఆరు నెలలు మెషీన్ ఆన్ చేయలేదు, దాని మీద చీర ముక్క కప్పి ఉంది. ముగ్గురి దగ్గరా ఉన్నది ఒకటే యంత్రం. మీరు ఈ ముగ్గురిలో ఎవరిలా ఉంటారో ముందు ఆలోచించుకోండి.

అసలు ధర ఎంత?

బయట దేశాల్లో 2020 నవంబర్‌లో వస్తే మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పుడు డిస్క్ ఉన్నది రూ. 49,990, డిజిటల్ రూ. 39,990. జనవరి 12న ప్రీఆర్డర్లు తెరిస్తే నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు స్టాక్ రావడం, మనం వెబ్‌సైట్ రిఫ్రెష్ కొట్టడం, అయిపోయిందని చూడటం. నేను ఆ క్యూలో నాలుగుసార్లు ఓడిపోయాను. చివరికి ఒక దుకాణంలో దొరికింది కానీ, "రెండు గేమ్‌లు, ఇంకో కంట్రోలర్ కలిపి తీసుకుంటేనే ఇస్తాం" అన్నారు. ఆ రెండిట్లో ఒక ఆట డిస్క్ ఇప్పటికీ సీల్ తీయకుండా అలాగే ఉంది.

2022 నవంబర్‌లో రెండిటి మీదా అయిదేసి వేలు పెరిగాయి. మామూలుగా ఎలక్ట్రానిక్ వస్తువు పాతబడితే ధర తగ్గాలి. ఇక్కడ ఉల్టా. పాత ఓనర్లు దీన్ని చూసి లోలోపల సంతోషించారు, కొత్తవాళ్లకు ఒళ్లు మండింది. 2024 ఏప్రిల్‌లో, సైజు తగ్గించిన స్లిమ్ మోడల్ వచ్చినప్పుడు కూడా అవే ధరలు, రూ. 54,990, రూ. 44,990. అయితే మధ్యమధ్యలో ఆఫర్లు వస్తాయి. 2023 జూలైలో ఒకసారి రూ. 7,500 తగ్గించారు. తొందర లేకపోతే దసరా, దీపావళి సేల్స్ దాకా ఆగండి. ఇవాళ్టి ధర మాత్రం కొనే ముందు రెండు మూడు చోట్ల చూసుకోండి.

డిస్క్ ఉన్నదా, డిజిటలా?

డిస్క్ ఉన్నదే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పదివేలు మిగులుతాయని డిజిటల్ వైపు చూస్తారు. కానీ పెద్ద ఆటలు ఇక్కడ సుమారు అయిదు వేలు. డిస్క్ కొంటే ఆడి అమ్మేయొచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు, పాతది సగం ధరకు కొనుక్కోవచ్చు. మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురం ఉన్నాం. ఒకడు కొన్న ఆట నెలన్నరలో నాలుగిళ్లూ తిరిగి మళ్లీ వాడి దగ్గరికి చేరుతుంది, ఆవకాయ జాడీలా. డిజిటల్‌లో ఆ దారి లేదు. ఆన్‌లైన్ స్టోర్‌లో సేల్ పెట్టినప్పుడు కొనుక్కోవడమే. ఆ సేల్స్‌లో మంచి తగ్గింపులే వస్తాయి, కాదనను. ఓపికున్నవాళ్లకు డిజిటల్ కూడా గిట్టుబాటే. కానీ విజయవాడ తమ్ముడికి లేనిది ఆ ఓపికే.

స్లిమ్ డిజిటల్‌కు తర్వాత డిస్క్ డ్రైవ్ తగిలించుకోవచ్చు. పాత పెద్ద డిజిటల్ మోడల్‌కు ఆ వీలు లేదు. డ్రైవ్ తగిలించాక మొదటిసారి ఇంటర్నెట్ ద్వారా జత చేయాలి. తర్వాత కొందాంలే అనుకునేవాళ్లు అది మీ ఊళ్లో విడిగా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

స్లిమ్ నిజంగా చిన్నదేనా?

పాతదాంతో పోలిస్తే 30 శాతానికి పైగా చిన్నది. పాతది నాలుగున్నర కిలోలు, నిలబెడితే 39 సెంటీమీటర్లు. మా టీవీ స్టాండ్‌లో పట్టక పక్కన స్టూల్ వేసి పెట్టా. స్లిమ్‌లో స్టోరేజ్ 1 టీబీకి పెంచారు. లోపలి బలం మాత్రం అదే, ఆట ఏమీ వేగంగా నడవదు. పాతదానికి నిలబెట్టే స్టాండ్ పెట్టెలోనే ఇచ్చారు, స్లిమ్‌కు విడిగా కొనమన్నారు. ఇలాంటి పిసినారితనం మీద ఓనర్లు పడే చిరాకు న్యాయమే.

మరి అన్నిటికన్నా బలమైన ప్రో మోడల్?

2024 నవంబర్ 7న 700 డాలర్లకు బయట విడుదలైంది. మన దేశంలో అప్పుడు విడుదల చేయలేదు. అందులో వాడిన కొత్త వైఫైకి కావాల్సిన 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. డిస్క్ డ్రైవ్ కూడా అందులో ఉండదు. దానికోసం బెంగపడకండి.

అమెరికా నుంచి అక్క వస్తోంది, తెప్పించుకోనా?

తెప్పించుకోవచ్చు, కానీ లెక్క చూసుకోండి. కరెంటు సమస్య లేదు, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. పిన్ను మార్చుకుంటే చాలు. ఆటల డిస్కులు ఏ దేశానివైనా నడుస్తాయి. సినిమా బ్లూరేలకూ, డీవీడీలకూ మాత్రం రీజియన్ ఉంటుంది.

తంటా వారంటీతో. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. పాడైతే బయట రిపేర్ చేయించుకోవడమో, మళ్లీ అక్కతో పంపడమో. కస్టమ్స్ వాళ్లు అడిగితే అదొకటి. పైగా ఇంత పెట్టె పెడితే అక్క సూట్‌కేస్‌లో పిల్లల బట్టలకు చోటుండదు, ఆ మాట మీరు పదేళ్లు వినాలి.

ఇంకో చిన్న చిక్కు. అకౌంట్ తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశాన్ని తర్వాత మార్చలేరు. అమెరికా అకౌంట్ పెట్టుకుంటే అక్కడి ధరలే పడతాయి. ఆట డిస్క్ ఒక దేశానిది, అకౌంట్ ఇంకో దేశానిది అయితే విడిగా కొనే అదనపు భాగాలు కలవకపోవచ్చు. ఇండియా అకౌంట్, ఇండియా డిస్కులు పెట్టుకుంటే ప్రాణానికి హాయి.

కొన్నాక డబ్బు కట్టకుండా ఆడొచ్చా?

ఒంటరిగా ఆడే ఆటలకు ఏమీ కట్టక్కర్లేదు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలు ఆన్‌లైన్‌లో కూడా ఉచితమే. డబ్బిచ్చి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో వేరేవాళ్లతో ఆడాలంటేనే ప్లేస్టేషన్ ప్లస్ అనే సోనీ సబ్‌స్క్రిప్షన్ కావాలి. "ఆట కొన్నాను, ఇంటర్నెట్ బిల్లు నేనే కడుతున్నాను, మళ్లీ ఇదేంటి?" అని ప్రతి కొత్త ఓనరూ అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు.

మూడు రకాలున్నాయి. ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్. ఎసెన్షియల్‌లో ఆన్‌లైన్ ఆట, నెలనెలా కొన్ని ఆటలు. ఎక్స్‌ట్రాలో వందల ఆటల లైబ్రరీ. డీలక్స్‌లో పాత ప్లేస్టేషన్ల ఆటలు, కొన్నిటికి ట్రయల్. మిడ్డే మీల్స్, ఫుల్ మీల్స్, అన్‌లిమిటెడ్ అనుకోండి. కొత్తగా కొన్నవాళ్లకు ఎక్స్‌ట్రా ఒక ఏడాది తీసుకోవడం మంచి బేరమే, కొన్ని ఆట డిస్కులు కొనే డబ్బుతో సంవత్సరమంతా గడిచిపోతుంది. రెండో ఏడాదికి మీరు ఆడాలనుకున్నవి అయిపోయి ఉంటాయి, అప్పుడు ఆపేయండి.

తిట్లు ఎక్కువగా పడేదీ ఇక్కడే. 2022లో ఎసెన్షియల్ ఏడాదికి రూ. 2,999 ఉండేది. 2023 సెప్టెంబర్‌లో ఏడాది ప్యాక్‌ల ధరలన్నీ ఒకేసారి పెంచారు. పీఎస్5 ఉన్నవాళ్లకని మొదట్లో, దీనికి ముందొచ్చిన పీఎస్4 నాటి ఇరవై మంచి ఆటల కలెక్షన్ ఇచ్చేవారు, అది 2023 మేలో తీసేశారు. లైబ్రరీలో ఉన్న ఆటలు కూడా వస్తుంటాయి, పోతుంటాయి. మీరు సగంలో ఉండగా పోతే అంతే.

ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యేలా ముందే ఆన్ చేసి ఉంటుంది, కట్టిన రోజే ఆఫ్ చేయండి. కార్డు వివరాలు ఇవ్వడం ఇష్టం లేకపోతే గిఫ్ట్ కోడ్ కొని వాలెట్ నింపుకోండి, చాలామంది చేసేది అదే.

కంట్రోలర్ గురించి రెండు రకాలుగా వింటున్నాను. ఏది నిజం?

రెండూ. ఈ మెషీన్‌లో అన్నిటికన్నా గొప్ప వస్తువు కంట్రోలరే, అన్నిటికన్నా ముందు పాడయ్యేదీ అదే.

గొప్ప ఎందుకో తెలియాలంటే మెషీన్‌తో పాటే ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ పెట్టండి. అందులో వాన పడుతుంది. ఆ చినుకులు మీ అరచేతుల్లో టప్ టప్ మని తగులుతాయి, ఎడమ చేతిలో ఒకటి, కుడి చేతిలో రెండు. ఇసుకలో నడిస్తే ఇసుకలా, అద్దం మీద నడిస్తే అద్దంలా. ట్రిగ్గర్ బటన్లు కూడా అవసరాన్ని బట్టి గట్టిపడతాయి, విల్లు లాగుతుంటే వేలికి ఆ బరువు తెలుస్తుంది. మా అమ్మ జీవితంలో గేమ్ ఆడలేదు. ఊరికే పట్టుకోమని ఇస్తే, "ఇందులో ఏదో పురుగు ఉందిరా" అని వదిలేసింది. కాసేపటికి మళ్లీ అడిగి తీసుకుంది.

ఇక రెండో వైపు. కొన్న పద్దెనిమిది నెలలకు ఒక ఆదివారం స్పైడర్‌మ్యాన్‌ను మేడ మీద నిలబెట్టి, కంట్రోలర్ సోఫాలో పెట్టి టీ తెచ్చుకోవడానికి వెళ్లా. తిరిగొచ్చేసరికి ఆయన మెల్లగా, ఏదో గుర్తొచ్చినట్టు, ఎడమ పక్కకు నడుచుకుంటూ పోతున్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. దీన్నే స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. బొటనవేలితో తిప్పే స్టిక్ కింద, అది ఎటు తిరిగిందో కొలిచే చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, లోపల ఒకదాని మీద ఒకటి రాసుకుని రాసుకుని అరిగిపోతాయి. వేలు తీసినా స్టిక్ ఇంకా పక్కకు నొక్కి ఉందనే మెషీన్ అనుకుంటుంది. దీని మీద అమెరికాలో 2021లోనే కోర్టులో దావా పడింది.

వారంటీ ఏడాది. ఆలోపు వస్తే అదృష్టం, సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లండి. తర్వాత వస్తే మూడు దారులు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి స్టిక్ తిప్పడం, కొన్ని రోజులు పనిచేస్తుంది. రిపేర్ షాపులో ఆ భాగం ఊడబీకి కొత్తది టంకం వేయించుకోవడం, ఇప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ రకం కూడా వేస్తున్నారు, అవి అలా రాసుకుని అరగవు. లేదా కొత్త కంట్రోలర్. నేను రెండోది చేయించా. అందరికీ డ్రిఫ్ట్ వస్తుందని కాదు, మియాపూర్ స్నేహితుడి కంట్రోలర్ రోజూ వాడినా మూడేళ్లుగా నిక్షేపంగా ఉంది. నేను స్టిక్ గట్టిగా నొక్కుతానని వాడి ఆరోపణ.

బ్యాటరీ సంగతి అడగొద్దు. సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనాలయ్యాక ఛార్జింగ్ అడుగుతుంది. పొడుగు టైప్-సీ కేబుల్ ఒకటి కొనిపెట్టుకోండి.

పాత పీఎస్4 కంట్రోలర్‌ను రెండోదిగా వాడొచ్చా?

పీఎస్4 ఆటలకు వాడొచ్చు. పీఎస్5 ఆటలకు పనిచేయదు. సాంకేతికంగా కుదరక కాదు, కుదరనివ్వలేదు.

స్టోరేజ్ సరిపోతుందా?

పాత మోడల్‌లో 825 జీబీ అని ఉంటుంది, మీ చేతికి వచ్చేది 667 జీబీ దాకా. కాల్ ఆఫ్ డ్యూటీ ఒక్కటే వంద జీబీ దాటుతుంది. అయిదారు పెద్ద ఆటలకు నిండిపోతుంది. తర్వాత కొత్తది పెట్టాలంటే పాతది తీసేయాలి. ఇంటర్నెట్ బాగుంటే అది పెద్ద బాధ కాదు. జిల్లాల్లో, ఊళ్లలో నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు మాత్రం వంద జీబీ మళ్లీ దించుకోవడం అంటే రాత్రంతా జాగారమే. డిస్క్ ఉన్నా సరే అప్‌డేట్లు నెట్ నుంచే వస్తాయి.

లోపల అదనపు స్టోరేజ్ కోసం ఎం.2 ఎస్‌ఎస్‌డీ అనే చిన్న పట్టీ పెట్టుకునే స్లాట్ ఉంది, 2021 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి పనిచేస్తోంది. ఏది పడితే అది కాదు. పీసీఐఈ జెన్4 రకం కావాలి, సెకనుకు 5,500 ఎంబీ వేగం ఉండాలని సోనీ చెప్తోంది, పైన వేడి లాగే లోహపు రేకు, అంటే హీట్‌సింక్, తప్పనిసరి. హీట్‌సింక్‌తో కలిపి 11.25 మిల్లీమీటర్ల కన్నా ఎత్తుంటే మూత పడదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్లి "పీఎస్5కి" అని చెప్తే చాలు, సరైనదే తీసిస్తారు. బిగించడం పది నిమిషాల పని, ఒక ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. చిన్న స్క్రూ కింద పడితే మాత్రం వెతుక్కోవడానికి అరగంట. కింద తెల్ల గుడ్డ పరిచి మొదలుపెట్టండి.

డబ్బు పెట్టలేకపోతే పాత యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తగిలించండి. పీఎస్4 ఆటలు అందులోంచే నడుస్తాయి. పీఎస్5 ఆటలను అందులో దాచుకోవచ్చు కానీ ఆడేముందు లోపలికి తెచ్చుకోవాలి. మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కన్నా అది నయం.

మాది మామూలు టీవీ. ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ మీద కూడా ఆటలు బాగుంటాయి, లోడ్ అయ్యే వేగం ఏ టీవీకైనా ఒకటే. పీఎస్4లో ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొదలయ్యేలోపు ఫోన్ చూసుకునేవాణ్ని. ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకునేలోపు వచ్చేస్తుంది. 4కె టీవీ ఉంటే బొమ్మ తేడా బాగా తెలుస్తుంది. డబ్బా మీద రాసిన 4కె 120 హెర్ట్జ్ (సెకనుకు 120 బొమ్మలు) కోసం హెచ్‌డీఎంఐ 2.1 పోర్ట్ ఉన్న ఖరీదైన టీవీ కావాలి, మనలో చాలామంది ఇళ్లలో ఉన్నది 60 హెర్ట్జ్‌దే. దాని కోసం టీవీ మార్చొద్దు. ఒకటి మాత్రం చేయండి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది చేయకుండా "బటన్ నొక్కితే లేటుగా పడుతోంది" అని మెషీన్‌ను తిట్టినవాళ్లు ముగ్గురు నాకు తెలుసు.

మన ఎండలకు, దుమ్ముకు, కరెంటు కోతలకు తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది, కానీ మీరు కూడా కాస్త చూసుకోవాలి. నాలుగు వైపులా గాలి ఆడాలి, గోడకు కనీసం పది సెంటీమీటర్లు ఎడం ఉంచాలి. తలుపులున్న టీవీ యూనిట్‌లో పెట్టి తలుపు మూస్తే మే నెలలో మెషీన్ చాలా వేడెక్కిందని స్క్రీన్ మీద రాసి మరీ ఆపేస్తుంది. పైన కవర్ కప్పి ఆడొద్దు. ఆడనప్పుడు కప్పుకోండి, మా కొలీగ్ చీర ముక్కలాగా.

దుమ్ముకు సోనీ ఒక మంచి పని చేసింది. పక్కనున్న తెల్ల రేకులు చేత్తోనే ఊడొస్తాయి, లోపల దుమ్ము చేరడానికని ప్రత్యేకంగా రంధ్రాలు పెట్టారు. మూడు నెలలకోసారి నేను రేకులు తీసి, వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆ రంధ్రాల దగ్గర పెడతా. మొదటిసారి తీసినప్పుడు ఫ్యాన్ రెక్కల మీద బూడిద రంగు దూది పొరలా పేరుకుపోయి ఉంది, మధ్యలో మా పాప జుట్టు ఒక పోగు. మా ఇల్లు మెయిన్ రోడ్డు మీద, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. బొద్దింకల మాట కూడా చెప్పాలి. వెచ్చగా, చీకటిగా ఉండే పెట్టె అంటే వాటికి గృహప్రవేశమే. వంటింటి గోడకు ఆనించి పెట్టకండి.

ఇక కరెంటు. ఆట మధ్యలో పోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు సరిగ్గా ఆఫ్ చేయలేదని చెప్పి స్టోరేజ్ చెక్ చేసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి అయితే పర్వాలేదు, రోజుకు మూడుసార్లు అయితే మంచిది కాదు. సేవ్ చేస్తుండగా పోతే ఆ సేవ్ పాడవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్‌కే పెట్టండి. లేకపోతే కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ చాలు, ఆట ఆపి మెషీన్ ఆఫ్ చేసుకునేంత టైమ్ ఇస్తుంది. కోతలున్న ఊళ్లో మెషీన్‌ను సగం నిద్రలో ఉంచే రెస్ట్ మోడ్‌లో వదిలేయకండి, పూర్తిగా ఆఫ్ చేయండి.

బిల్లు గురించి భయపడక్కర్లేదు. పెద్ద ఆట ఆడుతుంటే సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. అంటే అయిదు గంటలకు ఒక యూనిట్. రోజూ రెండు గంటలు ఆడితే నెలకు 12 యూనిట్లు. టీవీ వేరే.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కలుస్తాయా?

కలవవు. యాభై వేల మెషీన్‌కు వెయ్యి రూపాయల ఇయర్‌బడ్స్ కలవకపోవడం ఏమిటని మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. కంట్రోలర్ కింద 3.5 ఎంఎం జాక్ ఉంది. పాత ఫోన్‌తో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ వెతికి అందులో పెట్టుకోండి, అర్ధరాత్రి ఆడేవాళ్లకు అదే దిక్కు. లేదా యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ కొనాలి.

సినిమాలు చూడొచ్చా?

నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ లాంటివి ఉన్నాయి. డిస్క్ ఉన్న మోడల్‌లో 4కె బ్లూరే, డీవీడీ ఆడతాయి. ఆడియో సీడీ ఆడదు. వెబ్ బ్రౌజర్ యాప్ లేదు. మీరు చూసే తెలుగు ఓటీటీ ఉంటుందని లెక్కపెట్టుకోకండి, దానికి టీవీయే నయం.

ఇంట్లో ఒక్కటే టీవీ. సీరియల్ టైమ్‌లో ఎలా?

ఇది మా ఇంట్లో రోజూ జరిగే చర్చ. ఫోన్‌లో రిమోట్ ప్లే యాప్ ఉచితం. టీవీలో అమ్మ సీరియల్ చూస్తుంటే మెషీన్ ఆట నడుపుతుంది, బొమ్మ మీ ఫోన్‌లోకి వైఫై మీద వస్తుంది. రౌటర్ నుంచి మెషీన్‌కు వైరు లాగితే బాగా నడుస్తుంది, లేకపోతే ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇదే పనికి పోర్టల్ అని చేతిలో పట్టుకునే పరికరం 2024లో మన దేశంలోనూ అమ్మకానికి పెట్టారు. అమ్మకానికి వచ్చినప్పుడు అది విడిగా ఆడేది కాదు, ఇంట్లో పీఎస్5 ఉండాల్సి వచ్చేది. సీరియల్ ఒక అరగంటే కదా, ఆగలేరా అని మా ఆవిడ ప్రశ్న.

పిల్లలకు కొనివ్వొచ్చా?

కొనివ్వొచ్చు, కానీ మీ అకౌంట్ వాళ్లకు ఇవ్వకండి. పిల్లలకు విడిగా అకౌంట్ తెరిస్తే రోజుకు ఎన్ని గంటలు, ఏ వయసు ఆటలు, ఎంత ఖర్చు అనేవి మీ చేతిలో ఉంటాయి. స్టోర్‌లో కొనేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. ఈ పని వాయిదా వేసిన ఒక నాన్న ఆటలోని బొమ్మ చొక్కాలకు ఎంత కట్టాడో నాకు తెలుసు. పేరు చెప్పను.

ఆటల్లో ఆస్ట్రో బాట్ పిల్లలతో మొదలుపెట్టడానికి చక్కగా ఉంటుంది. 2024లో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆట అదే. భార్యాభర్తలు కలిసి ఆడటానికి ఇట్ టేక్స్ టూ, దాన్ని ఒక్కరే ఆడటం కుదరదు, ఇద్దరు కావాలి. మేము అది పూర్తి చేయడానికి మూడు వారాలు, రెండు గొడవలు. క్రికెట్ కావాలంటే క్రికెట్ 24 ఉంది, ఫుట్‌బాల్ ఆటలంత సాఫీగా ఉండదు. క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో కూడా స్నేహితులు కూడితే పెట్టేది ఫుట్‌బాలే, అదే విచిత్రం.

పీఎస్4 ఉంది. ఇప్పుడే మారాలా?

మీ పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ ఇందులో ఆడతాయి, కొన్ని ఇంకా సాఫీగా నడుస్తాయి. పీఎస్3, పీఎస్2 డిస్కులు ఆడవు. మొదటి రెండేళ్లు మారినవాళ్లకు ఉన్న ఫిర్యాదు న్యాయమైనదే. గ్రాన్ టురిస్మో 7, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ లాంటి పెద్దవి కూడా పీఎస్4కి వచ్చాయి. "మరి నేనెందుకు కొన్నట్టు?" అన్నారు. 2023 అక్టోబర్‌లో స్పైడర్‌మ్యాన్ 2 పీఎస్5కి మాత్రమే వచ్చింది. అప్పటి నుంచి కొత్తవి పీఎస్4 వైపు చూడటం తగ్గిపోయింది. మీ దగ్గర ఆడని పాత ఆటలు పది ఉంటే మాత్రం అవి పూర్తి చేసి రండి, ఈలోపు సేల్ కూడా వస్తుంది.

అదే డబ్బుకు పీసీ కొంటే?

అదే డబ్బుకు ఇంత బలమున్న గేమింగ్ పీసీ రాదు. కానీ పీసీలో ఆటలు చవక, ఆన్‌లైన్‌కు నెలనెలా కట్టేది లేదు, పిల్లాడి ప్రాజెక్ట్ వర్కు కూడా అయిపోతుంది. పైగా సోనీ సొంత ఆటలు కొన్ని కూడా ఏడాది, రెండేళ్లకు పీసీకి వచ్చాయి. రాగ్నరాక్ 2024లో, స్పైడర్‌మ్యాన్ 2 అయితే 2025 జనవరిలో. ఇంట్లో మంచి పీసీ ఇప్పటికే ఉంటే పీఎస్5 వద్దనే చెప్తాను. పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, రాత్రి మళ్లీ అదే కుర్చీలో కూర్చోలేని నాలాంటివాళ్లు సోఫా కోసం కొంటారు.

మెనూలు తెలుగులో ఉంటాయా?

లేవు.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే ఏం చూడాలి?

కొనే చోటే టీవీకి తగిలించి అరగంట ఆడి చూడండి. డిస్క్ పెట్టి బయటికి తీయండి, గరగరమని శబ్దం వస్తోందా వినండి. కంట్రోలర్ రెండు స్టిక్‌లూ వదిలేసి మెనూలో ఏదైనా కదులుతోందా చూడండి. బాక్స్ మీది సీరియల్ నంబర్, మెషీన్ మీది నంబర్ ఒకటే ఉండాలి, బిల్లు అడగండి. లోపల ప్రాసెసర్ మీద వేడి లాగడానికి మామూలు పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ (ద్రవంగా ఉండే లోహం) ఉంటుంది. అనుభవం లేనివాళ్లు విప్పి ఉంటే అది చెదిరి ఉండొచ్చు, కాబట్టి మునుపు విప్పిన గుర్తులు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. చివరగా, అమ్మేవాడి అకౌంట్ తీయించి, ఫ్యాక్టరీ రీసెట్ మీ కళ్ల ముందే చేయించి, అప్పుడు డబ్బు పంపండి.